లోపలి మడత

ఆ వీధిలో అందరూ అతన్ని కత్తెర మాస్టారు అంటారు. బట్టలు కత్తిరిస్తాడని కాదు, నోరు అలాంటిది. పిల్లాడి చొక్కా గుడ్డ పట్టుకొచ్చి, "లోపల కాస్త ఎక్కువ వదలండి మాస్టారూ, ఎదిగే పిల్లాడు" అని ఏ తల్లి అడిగినా, "వదుల్తాలేమ్మా, వాడి పెళ్ళికీ ఇదే తొడుగుదువుగాని" అంటాడు. అంటూనే మూడు వేళ్ళ వెడల్పున గుడ్డ లోపలికి మడిచి, వదులుగా కుట్లు వేస్తాడు. రేపు ఆ తల్లి సులువుగా విప్పుకోవాలి మరి.

అతను మాత్రం ఎవరూ చొక్కా విప్పి పొడుగు చెయ్యకుండానే ఎదిగాడు. నాలుగేళ్ళవాడిగా పిల్లల ఆశ్రమంలో పడ్డాడు. అక్కడి వార్డెన్‌ని పిల్లలంతా పెద్దమ్మ అనాలని రూలు. ఆవిడ వరస కలుపుకుంది గానీ మనసు కలుపుకోలేదు. పక్క తడిపిన ప్రతి పొద్దునా చెవి మెలేసి, "అందుకేరా మీవాళ్ళు నిన్ను స్టేషన్లో కావాలనే వదిలేసి పోయారు" అనేది. అతను ఆ మాటే తిన్నాడు, ఆ మాటే కప్పుకుని పడుకున్నాడు. ఏడో తరగతిలో బడి మానేసి మిషనెక్కాడు. సంబంధం చూడ్డానికి వెళ్ళినచోట "మీవాళ్ళెవరు బాబూ?" అంటే, "నన్ను పారేసినవాళ్ళు" అన్నాడు. ఇంకెవరిస్తారు పిల్లని? ఇప్పుడు యాభై రెండేళ్ళు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ పెట్టె, అతను.

మొన్న ఆశ్రమం నుంచి ఫోను వచ్చింది. భవనం ఖాళీ చేస్తున్నారట. సామాన్ల గదిలో అతని మూట ఉందట. పట్టుకుపోకపోతే చెత్తలో వేస్తారట. "నన్నూ అలాగే వేశారుగా, ఇదేం కొత్తా" అని ఫోను పెట్టేశాడు. అయినా మర్నాడు పొద్దున్నే షాపు తెరవకుండా వెళ్ళాడు.

సామాన్ల గది గుమ్మం పక్కన కుర్చీలో పెద్దమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటింది. వెనక గదిలోనే ఉంటోందట ఇన్నాళ్ళూ.

"ఎవరూ?"

"అరవై ఒకటో నంబరు పిల్లాణ్ణి."

"ఓరి, నువ్వట్రా! పక్క తడిపేవాడివి!" అని బోసినోటితో నవ్వింది.

అతను నవ్వలేదు. అరల్లో వరసగా మూటలు, ఒక్కోదానికీ అంకె వేసిన చీటీ. ఆశ్రమానికి వచ్చిన రోజే పిల్లాడికి గుండు గీసి, ఒంటిమీద బట్టలు విప్పి ఇలా మూటగట్టి, ఖాకీ తొడిగేవాళ్ళు. అరవై ఒకటిని దింపి, దుమ్ము దులిపి ముడి విప్పాడు. ఒక నిక్కరు, ఒక గళ్ళ చొక్కా.

చొక్కా చేతికి రాగానే అలవాటు కొద్దీ తిరగేశాడు. చేతి కుట్టు. మిషను లేని ఇల్లు. వేలి మీద పొడుచుకుంటూ కుట్టినట్టుంది, కాలర్ దగ్గర వంకరపోయింది. చేతులకి లోపల నాలుగు వేళ్ళ మడత. కింద అంచుకి ఇంకా ఎక్కువ. అన్నీ వదులు కుట్లే.

అతను అక్కడే గచ్చు మీద చతికిలబడ్డాడు. నలభై ఏళ్ళుగా ఇలాంటి మడతలు కుడుతున్నాడు. పారేసే పిల్లాడికి ఎవరైనా నాలుగు వేళ్ళ గుడ్డ లోపల వదులుతారా? అయిదో ఏడూ ఆరో ఏడూ లెక్కేసుకుని కుట్టిన చొక్కా అది.

"పెద్దమ్మా, నన్ను వదిలేశారని నీకెవరు చెప్పారు?"

"అదేంట్రా ఇప్పుడు?"

"ఎవరు చెప్పారు?"

ముసలిది చేతికర్ర అటు మార్చింది, ఇటు మార్చింది. "ఒకావిడ వచ్చింది" అంది చివరికి. "నువ్వొచ్చిన పదిహేను రోజులకి. రైలు రద్దీలో చెయ్యి జారిపోయాడంది. గళ్ళ చొక్కా, మెడదాకా జుట్టు అంది. గేటువాడు లోపలికొచ్చి అడిగాడు. ఉన్నవాళ్ళంతా గుండ్లు, ఖాకీలు. గళ్ళ చొక్కా ఎవడూ లేడని చెప్పించాను. సాయంత్రందాకా గేటు దగ్గరే కూచుని పోయింది."

"లేచి వచ్చి చూళ్ళేదా నువ్వు?"

"అన్నం తింటున్నా."

"తర్వాత?"

"వారానికి ఈ మూటలు సర్దుతుంటే చొక్కా కనపడింది. అప్పటికామె ఎక్కడుందో ఏంటో. రాయడం రాదట, ఊరు నోటితో చెప్పిందట, గేటువాడు మర్చిపోయాడు. బయటికి చెబితే నా ఉద్యోగం పోయేది."

"అందుకని మా అమ్మనే దోషిని చేశావా! చెవి మెలేసి మరీ!"

ఆ కేకకి అవతల బల్లలు మోస్తున్న కూలీలు ఆగిపోయారు. అతను ఆవిడ కుర్చీ మీదికి వంగాడు. "నన్ను ఏమని అడిగింది? పేరు చెప్పుంటుందిగా."

"ఏదో ముద్దుపేరు. చిన్నదే... గుర్తులేదురా."

"నేను పక్క తడిపింది గుర్తుంది నీకు. అది గుర్తులేదు."

"చావబోయేదాన్ని. క్షమించరా నాయనా."

"మా అమ్మని తెచ్చివ్వు, క్షమిస్తా" అని చొక్కా చంకలో పెట్టుకుని వచ్చేశాడు. నిక్కరు మరచిపోయి, మళ్ళీ వెనక్కెళ్ళి తీసుకున్నాడు. ఆవిడ వైపు చూడలేదు.

షాపు తెరిచి మిషను ముందు కూర్చున్నాడు. చొక్కా అంచు దగ్గర రెండు కుట్లు ఊడదీసి, వేలితో మడత తెరిచి చూశాడు. పైన గళ్ళన్నీ వెలిసి బూడిదరంగయ్యాయి. లోపల ఎర్రగా, కొత్తగా, అలాగే ఉన్నాయి. ఎరుపని కూడా తెలియదు ఇన్నాళ్ళూ. ఆ రెండు కుట్లూ మళ్ళీ అలాగే వదులుగా వేశాడు.

తర్వాత వీధివైపు, కుట్టిన బట్టలు తగిలించే కొక్కేనికి ఆ చొక్కా తగిలించాడు. తిరగేసి, కుట్లు బయటికి కనపడేలా.

ఎదుటి షాపాయన నవ్వాడు. "ఏం మాస్టారూ, మతి పోయిందా? లోపలిది బయటికి తగిలించారు!"

"నీకోసం కాదు. నువ్వు చూడకు."

"ఎవరికోసం మరి?"

"కుట్టినవాళ్ళకి" అని, ఇంక ఎవడూ ఏమీ అడగకుండా మిషను గట్టిగా తొక్కడం మొదలుపెట్టాడు.