పురిట్లో ఉన్న చెట్లు

ముక్కు మాస్టారి అసలు పేరు సెంటు కంపెనీలో ఎవరికీ గుర్తులేదు. అడివి నుంచి వచ్చిన గుగ్గిలాన్ని చిటికెడు నిప్పుల మీద వేసి, వాసన చూసి, మంచిదో కాదో తేల్చడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్లుగా ఆయన సంతకం లేకుండా ఒక్క బస్తా కూడా కంపెనీ గుమ్మం దాటలేదు. ముక్కు మీద కోపం అంటారే, అది ఈయన్ని చూసే పుట్టి ఉంటుంది.

ఆ రోజు అడివి అంచున గుగ్గిలం తీసేవాళ్ల సంఘం షెడ్డు ముందు జీపు దిగేసరికి ఆ కోపం నషాళానికి అంటి ఉంది. ఆర్డరు నలభై బస్తాలు. వారం కిందట సంఘం నుంచి ముప్పయ్యే అని కబురొచ్చింది. "ఒక్కటి తగ్గినా ఆర్డరు కంట్రాక్టరుకే. ఇక ఎప్పటికీ వాడికే. తగ్గితే కారణం రాసి పంపండి, కుంటిసాకులు కాదు," అని యజమానురాలు తెగేసి చెప్పింది. కంట్రాక్టరు చేతికి పోతే అడివిలో చెట్టు మిగలదు, ఆ చెట్లనే నమ్ముకున్న అరవై ఇళ్లలో పొయ్యి వెలగదు.

తీరా చూస్తే షెడ్డులో నలభై బస్తాలూ వరసగా ఉన్నాయి! మాస్టారి మొహం చాటంత అయింది.

"ముప్పయ్యే అన్నారు కదమ్మా?" అన్నాడు సంఘం పెద్దతో. ఆవిడని అందరూ పెద్దక్క అంటారు.

"అన్నానండీ. నేను పై కొండ నుంచి ఇప్పుడే దిగాను. మా మరిది ఎలాగో నలభై చేశాడట," అంది ఆవిడ, మరిది వంక అనుమానంగా చూస్తూ.

మాస్టారు నిప్పులు రాజేసుకుని కూర్చున్నాడు. ముప్పై బస్తాల దాకా కళ్లు మూసుకుని, పసిపిల్లాణ్ణి ముద్దాడుతున్నట్టు వాసన పీల్చాడు. అబ్బ, ఏం సరుకు! వాన వెలిశాక తొలి ఎండలా ఉంది. ముప్పై ఒకటో బస్తా దగ్గర ముక్కు చిట్లించాడు.

"ఇందులో కాలిన వాసనుందే! చెట్టు మొదట్లో మంటపెట్టి పిండినది ఇది."

మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఈ పదీ కంట్రాక్టరు దగ్గర్నుంచి తెచ్చాను వదినా. ఆర్డరు పోతుందని భయమేసింది," అన్నాడు తలొంచుకుని.

పెద్దక్క కేకలెయ్యలేదు. ఆ బస్తాని తనే వీపుకెత్తుకుని బయట పడేసింది. రెండోదానికి వంగింది.

"ఆగండమ్మా!" అన్నాడు మాస్టారు. ఆ మాట అన్నది తనేనా అని ఆయనకే ఆశ్చర్యమేసింది. "నాకివాళ జలుబు చేసిందనుకోండి. ఈ ఒక్కసారికి సంతకం పెట్టేస్తాను."

"మీకు జలుబు చేస్తుందేమోగానీ మాస్టారూ, నాకు కళ్లు బాగానే కనిపిస్తున్నాయి. వాడి బస్తాలు మన పేరుతో పోతే, వాడు పెట్టిన మంట మనం పెట్టినట్టే."

"పోనీ, మీ చెట్లకే ఇంకో నాలుగు గాట్లు పెట్టొచ్చుగా!"

పెద్దక్క కొడవలి తీసుకుని ముందు నడిచింది. మాస్టారు ఆయాసపడుతూ, జోరీగల్ని తిట్టుకుంటూ వెంట వెళ్లాడు. చెట్లు ఆకాశానికి నిచ్చెన వేసినట్టున్నాయి. కొన్నింటికి బొటనవేలంత గాటు, దానికింద తేనెరంగు ముద్ద. కొన్నింటికి గాటు లేదు, సున్నపు బొట్టు ఉంది.

"బొట్టు పెట్టినవి పురిట్లో ఉన్నాయండీ," అంది పెద్దక్క.

మాస్టారు ఫక్కున నవ్వాడు. "చెట్లకి పురుడేమిటమ్మా!"

"రెండేళ్లు ఇచ్చింది. మూడో ఏడు ముట్టుకోం. గాయం పూడాలి, ఒంట్లోకి సత్తువ రావాలి. బాలింత చేత బరువులు మోయిస్తామా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. బొట్టు పెట్టిన చెట్టుని తడిమి చూశాడు. పాత గాటు ఎక్కడుందో వేలికి తప్ప కంటికి ఆనలేదు. వాగు అవతల కంట్రాక్టరు పిండిన చెట్లు మొదలు నల్లబడి, ఆకు రాల్చి నిలబడి ఉన్నాయి. మాస్టారికి సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఆ వాసన గొప్ప తన ముక్కుదే అనుకున్నాడు. ఆ గొప్పంతా ఈవిడ చేతిదని ఇప్పుడు తెలిసింది, చెయ్యెత్తి దణ్ణం పెట్టబుద్ధేసింది.

షెడ్డుకి తిరిగొచ్చి కాగితం తీశాడు. వచ్చినవి: ముప్పై. కొరత: పది. కారణం అన్న గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. 'పది బస్తాల చెట్లు పురిట్లో ఉన్నాయి' అని రాసి, సంతకం గీకి, ఫొటో తీసి యజమానురాలికి పంపాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగానికి మనసులోనే నీళ్లొదిలేసుకున్నాడు.

అరగంట గడిచింది. మరిది తెచ్చిన టీ చల్లారిపోయింది. పెద్దక్క వాకిట్లో నిలబడి ముప్పై బస్తాల వంకే చూస్తోంది.

ఫోను మోగింది. మాస్టారు స్పీకరు నొక్కాడు.

"మాస్టారూ," అంది యజమానురాలు. ఆ గొంతులో కరుకు తగ్గలేదు. "చదివాను. ఆ పక్కన పెద్దక్క ఉందా?"

"ఉన్నానమ్మా," అంది పెద్దక్క.



"తల్లీబిడ్డా క్షేమమేనా?" అంది యజమానురాలు.

పెద్దక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెట్ల వైపు చూస్తూ, "క్షేమమేనమ్మా," అంది.

"అయితే ముప్పయ్యే పంపండి."