అడుగు గరిటె

మా అత్తయ్య ఉప్పు కూడా వేళ్ళతోనే కొలుస్తుంది. అలాంటి మనిషి చేత ఆదివారం పొద్దున్నే బంగాళాదుంపలు కాటా మీద పెట్టించాను. ఆవిడ మూతి ముడుచుకుంది.

"పెళ్ళయినప్పటి నుంచీ వండుతున్నాను. దుంపలకి తూకమేమిటే అమ్మాయ్?"

"మీ మనవరాలి కోసం అత్తయ్యా."

వెంటనే ఇంకో దుంప తీసి కాటా మీద పెట్టింది.

మా పాపకి నిరుడు షుగర్ వచ్చింది. ఏం తిన్నా అందులో పిండిపదార్థం ఎంతో లెక్కగట్టి, దానికి తగ్గ ఇన్సులిన్ వెయ్యాలి. అందుకని దానికి వేరే చిన్న గిన్నెలో వండేవాళ్ళం. అది తింటూ మా గిన్నెల్లోకి చూస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు. "అందరూ తినేదే నాకూ పెట్టమ్మా" అన్నది దాని ఒకే ఒక్క కోరిక.

డాక్టరమ్మ సరేనన్నారు. వారానికి సరిపడా ఒకేసారి కాచే సూపులో పడే ప్రతిదీ తూచి, పిండిపదార్థం మొత్తం కూడి, ఉడికాక తపేలాతో సహా తూచి, ఖాళీ తపేలా బరువు తీసేసి, గ్రాముకి ఎంతో తేల్చమన్నారు. "కొన్నిసార్లు చూడండి. షుగర్ నిలకడగా రాకపోతే మళ్ళీ వేరు గిన్నే" అని కూడా అన్నారు.

లెక్కలు నాకు మొదట్నుంచీ పడవు. అయినా పళ్ళబిగువున చేశాను. మొదటి ఆదివారం తిన్న రెండు గంటలకి చూస్తే షుగర్ ఎక్కువ. మరుసటి ఆదివారమూ అంతే. మావారు కాటా మీద చక్కెర ప్యాకెట్ పెట్టి చూశారు, సరిగ్గానే ఉంది. నా కూడికల్లో తప్పు కోసం వెతికారు, దొరకలేదు. పాపం, ఎంత ఆశపడ్డారో! ఇక మిగిలింది అత్తయ్యే.

"నేను చూడనప్పుడు ఏమైనా వేశారా?" అని అడిగేశాను.

"నా మనవరాలికి నేను చెడు చేస్తానా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. నాకూ కోపం నషాళానికంటింది. పాప మాత్రం వెళ్ళి తన చిన్న గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది.

మూడో ఆదివారం నేను పొయ్యి పక్కనే కాపలా నిలబడ్డాను. ఒక్క పిసరు ఎక్కువ పడలేదు. అత్తయ్య వడ్డన మొదలుపెట్టింది. మావారికి పైపైన తేలే నీళ్ళు. నాకు ఇంకా పల్చన. పాప గిన్నె దగ్గరికొచ్చేసరికి గరిటె మునిగి, అడుగంతా దేవి, దుంపల గుట్టతో పైకొచ్చింది. గిన్నె కాటా మీద పెట్టి, తూకానికి తక్కువైందని ఇంకో దుంప కూడా వేసింది.

"అత్తయ్యా!"

"ఏమిటే? మంచిదంతా అడుగునే ఉంటుంది. పసిదానికి నీళ్ళు పొయ్యమంటావా?"

నాకు నవ్వాగలేదు. నా లెక్కేమో తపేలా మొత్తం కలిపి వేసింది. పాప గిన్నెలో బరువు సరే, ఆ బరువంతా దుంపలే! విడమరిచి చెప్పేసరికి అత్తయ్య గరిటె కింద పెట్టేసింది.

"అయితే పిల్లకి షుగర్ పెంచింది నేనేనా?"

"మీరు కాదు, మీ గరిటె. కలిపి వడ్డించండి, చాలు."

దుంపలు మళ్ళీ తపేలాలో వేసి, బాగా కలిపి, పాపకి తూచి పెట్టాం. రెండు గంటలకి మిషన్ మీద అంకె చూసి మావారు ఈల వేశారు. మర్నాడూ సరిగ్గానే వచ్చింది. నేను నా కొంగుతో కళ్ళు తుడుచుకుంటే, అత్తయ్య కూడా నా కొంగే లాక్కుని తుడుచుకుంది. చిన్న గిన్నె అటకెక్కింది.

తర్వాతి ఆదివారం గరిటె పాపే పట్టింది. కలిపి, ముందు తన గిన్నె, మిగతా వారానికి తన వంతూ తూచి పక్కన పెట్టుకుంది. ఆ తర్వాత నానమ్మ గిన్నె అందుకుని, గరిటెని అడుగుదాకా ముంచింది.

"నాది తూచేశాంగా నానమ్మా. నీకు లెక్క లేదు. దుంపలన్నీ నీకే."