తనను తానే లేపుకోవాల్సిన సర్వరు

గొడుగుల కంపెనీలో కంప్యూటర్లు చూసే చిన్నకోడలికి ఒకటే కోరిక: రెండు బస్సులు మారి నలిగి చావకుండా ఇంట్లో కూర్చుని పని చేసుకోవాలని. అక్కడి యజమానికేమో మనిషి కళ్లెదుట కనబడితేనే పని జరిగినట్టు. అందుకే ఆయన చాటున అందరూ హాజరుగారు అంటారు. కాళ్లావేళ్లా పడగా పడగా ఆయన మెత్తబడ్డాడు.

"సరే, అందరూ ఇళ్ల నుంచే పని చేసుకునేలా ఆ సర్వరేదో పెట్టు. సోమవారం సాఫీగా నడిచిందా, నీ ఇష్టం. నడవలేదా, మళ్లీ ఇంటి మాట ఎత్తకు."

పిల్ల చురుకైనదే. సర్వరుకు ఎప్పటికీ మారని అడ్రసు ఇచ్చింది. ఎవరింటి నుంచి ఎవరొచ్చినా ఆ గుమ్మంలోకే రావాలి. ఇక అది దేన్ని చూసి నిద్ర లేవాలో చెప్పాలి: సొంత డిస్కునా, పెన్‌డ్రైవునా, నెట్‌వర్కునా? ఆఫీసులోని మిగతా కంప్యూటర్లన్నీ నెట్‌వర్కు మీద ఈ సర్వరునే అడిగి లేస్తాయి. అదే ఊపులో దీనికీ నెట్‌వర్కే పెట్టి, మిగతా రెండూ తీసేసింది.

సోమవారం పొద్దున్నే మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఎందుకైనా మంచిదని సర్వరును ఒకసారి ఆపి లేవమంది. లేస్తేగా!

"ఏమైందే, మొహం అలా పెట్టావు?" అంది అత్తగారు.

"అది లేవాలంటే సర్వరును అడగాలత్తయ్యా."

"అడగమను."

"ఆ సర్వరు అదే!"

"అంటే, పడుకున్నవాడు తనను లేపమని తననే పిలుచుకుంటున్నాడా? మీ మామయ్యే నయం, నన్ను పిలుస్తారు."

"అడ్రసు మాత్రం బంగారంలా కుదిరింది."

"తలుపు తీసే దిక్కులేని కొంపకు ఇంటి నంబరెందుకే?"

చిన్నకోడలు దొరికిన చెప్పులు జత చూసుకోకుండా తొడుక్కుని ఉరికింది.

ఆఫీసు కిటకిటలాడుతోంది. ఇళ్ల నుంచి సర్వరు అందక, తిట్టుకుంటూ అందరూ దిగిపోయారు. గుమ్మంలో హాజరుగారు మురిసి ముక్కలవుతున్నాడు.

ఆమె పిల్లిలా సర్వరు గదిలో దూరి, సొంత డిస్కును చూసి లేవమని మార్చి, దాన్ని లేపి వచ్చి తల వంచుకు నిలబడింది.

"తప్పు నాదేనండీ. ఇంటి నుంచి నేనే దాన్ని పడుకోబెట్టేశాను. ఇకమీదట ఇంటి నుంచే లేపగలను కూడా."

ఆయన కళ్లు మెరిశాయి. "ఇంటి నుంచే పడుకోబెట్టగలవా?"

"ఆ..."

"అయితే నువ్వు ఇంట్లోనే ఉండు తల్లీ! ప్రతి సోమవారం పొద్దున్నే పడుకోబెట్టు. వీళ్లందరూ వచ్చి కూర్చున్నాక లేపు."

సాయంత్రం చిన్నకోడలు ఎగురుకుంటూ ఇల్లు చేరేసరికి, అత్తగారు ఒంటి చెప్పు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"నీ కోరిక తీరితే తీరిందిగానీ, ముందు నా ఎడమకాలిది విప్పవే!"