అడ్డొచ్చిన స్టేషన్

1965 యుద్ధంలో కలైకుండ విమాన స్థావరం మీద శత్రువుల బాంబులు పడిన మర్నాడు సాయంత్రం, దగ్గర్లోని తెలుగు రైల్వేవాళ్ల పేట ఖరిదాలో ఏలియా ఇంటి తలుపును గడ్డపారతో పగలగొట్టారు. గడియ తియ్యడానికి అతను లేచేలోపే తలుపు లోపలికొచ్చి పడింది. వచ్చినవాళ్లు దోపిడీ దొంగలా అంటే కాదు. రోజూ రైల్వే వర్క్‌షాపులో అతని పక్కన నిలబడి పనిచేసే పెద్దమనుషులే. అందరికంటే ముందు నూకరాజు మిస్త్రీ.

తప్పంతా బల్లమీది రేడియో రిసీవర్‌ది. తన చేతులతో కట్టుకున్న ఆ సెట్టులో, సరదాకి సొంత సెట్లతో టిక్కుటిక్కుమని కబుర్లాడుకునే దూరదేశాల హామ్ రేడియోవాళ్ల సంకేతాలు వినడం ఏలియాకు పిచ్చి. కొన్నాళ్లుగా వాటి మీద సరిహద్దు అవతలి శత్రుదేశం స్టేషనొకటి ఎక్కి కూర్చుంది. డయల్ ఎటు తిప్పినా అవే బెంగాలీ వార్తలు. వాల్వు మార్చాడు, ఎర్త్ తీగ మార్చాడు, ఏరియల్ కురచ చేశాడు. అది వదల్లేదు. ఇరుగుపొరుగు చెవుల్లో మాత్రం శుభ్రంగా పడింది.

నూకరాజు అతని జుట్టు పట్టుకుని లేపాడు. "ఎవుడికి కబుర్లు పంపుతున్నావురా?"

"ఇది ఇనడానికేనన్నా. పంపడానికి దీన్లో ఏటీ నేదు."

"మరి ఆళ్ల స్టేషనెందుకు పెట్టినావు?"

"నాను పెట్టనేదు. అదే సొరబడిపోతంది."

"అయితే మార్చు."

మార్చాడు. అదే గొంతు. ఇంకా తిప్పాడు. అదే గొంతు. ఎవడో వెనకనుంచి పైపు రెంచితో నడుం మీద కొట్టాడు. ఏలియా మోకాళ్ల మీద కూలబడ్డాడు. అడ్డొచ్చిన భార్య ఎమిలీని గోడకేసి నెట్టారు. ఆమె నుదురు చిట్లింది. ఆ నెత్తురు చూసి అతనికి ఒళ్లు మండింది. కానీ తిరగబడితే ఇద్దరూ చస్తారు. బతకాలంటే తన తప్పు లేదని వీళ్ల కళ్లముందే చూపించాలి.

"మనం షాపులో దోషం ఎలాగ పట్టుకుంటామో అలాగే సూడండి," అన్నాడు, నోట్లో నెత్తురు ఉమ్మి. "అనుమానం ఉన్నకాడ సెయ్యి పెడతాం. సప్పుడు ఆగితే దోషం దొరికినట్టే గదా. ఏరియల్‌కీ సెట్టుకీ మద్దిన ఈ కాయిలు పెడతాను. ఇది ఆ ఒక్క స్టేషన్నే ఆపుతాది. ఆగిందంటే, అది బయటినుంచి దూరుతున్నట్టే."

ఎంత కోపంలో ఉన్నా పరీక్ష వద్దనడం వర్క్‌షాపు మనిషికి చేతకాదు. నూకరాజు ఎత్తిన చెయ్యి దించాడు. "పెట్టు."

వెదురుముక్క మీద రాగితీగ చుట్టిన కాయిలూ, దానికి జతగా ఒక కండెన్సరూ. గబగబా అతికించాడు. సోల్డరింగ్ ఇనుము వేలు కాల్చినా చెయ్యి తియ్యలేదు. మెల్లగా కండెన్సరు స్క్రూ తిప్పాడు. వార్తల గొంతు సన్నబడింది. ఇంకా తిప్పాడు. పూర్తిగా పోయింది.

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ ఆ గొంతు కింద అణిగిపోయిన దూరదేశపు మనిషెవరో అప్పుడు స్పష్టంగా వినిపించాడు. టిక్ టిక్, టిక్కుటిక్కు, టిక్. ఏలియా ముఖం విప్పారింది. ఆ సంతోషం దాచుకోవాలన్న తెలివి కూడా లేకపోయింది.

రైలు స్టేషన్లో తంతి కొట్టే చప్పుడూ అలాంటిదే; అది రైల్వే ఊళ్లో ఎవరికి తెలియదు?

"రహస్యం కబుర్లు," అన్నాడు వెనకనుంచి ఒకడు.

"కాదన్నా, ఆయనెవరో మనలాటోడే, సరదాకి కొడతన్నాడు..."

నూకరాజు కేకలెయ్యలేదు. "పద్దతి నువ్వే సెప్పినావు. నువ్వు సెయ్యి పెట్టినావు, సప్పుడు ఆగింది," అన్నాడు. "దోషం దొరికింది."

ఇద్దరు ఏలియా కుడిచేతిని బల్లమీద పరిచి పట్టుకున్నారు. సుత్తి పడింది. ఎమిలీ కాళ్లమీద పడి బతిమాలుతుంటే ఆమెను దాటుకుని అవతలికెళ్లి, ఎడమచెయ్యి కూడా పెట్టించారు.