పడవకు ముందు ఉయ్యాల

మా అబ్బాయి తీసుకెళ్తానంటున్న ద్వీపానికి వెళ్లాలంటే ఒక పూటంతా పడవలో కూర్చోవాలట. బస్సెక్కితేనే కడుపులో తిప్పే మనిషిని నేను. రాలేనంటే నన్నొక్కదాన్నీ వదలరు, ప్రయాణమే మానేస్తారు. కుట్టుమిషను ముందే నడుం వంగిపోయిన మా కోడలు, పెళ్లయ్యాక ఊరు దాటబోయేది ఇదే మొదటిసారి. అందుకే రానని అనలేదు.

మా అబ్బాయి వసారాలో ఉయ్యాల బల్ల చూపించి, "ఇక్కడ కళ్లు తిరక్కపోతే టిక్కెట్లు తీసేస్తానమ్మా" అన్నాడు.

కోడలు నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. వాడు ఊపడం మొదలుపెట్టాడు. పళ్లు బిగబట్టి ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ కూర్చున్నాను. కడుపులో తిప్పుతున్నా మొహంలో కనబడనివ్వలేదు.

"ఎలా ఉందమ్మా?"

"జోల పాడరా, నిద్రొస్తోంది" అన్నాను.

వాడు నవ్వుకుంటూ, టిక్కెట్లు తీయడానికి ఫోను కోసం లోపలికి వెళ్లాడు. నా చేతిలో కోడలి చెయ్యి చల్లబడిపోయింది. చూద్దును కదా, పిల్ల మొహం పాలిపోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

"ఆయనకు చెప్పకండి అత్తయ్యా" అంది.

"నేనెందుకు చెబుతానే పిచ్చిదానా? నా కడుపు నీకంటే ఘోరంగా ఉంది. రేపట్నుంచి వాడు పనికెళ్లగానే ఇద్దరం కూర్చుని ఊగుదాం" అన్నాను.