మెడ చుట్టూ చెయ్యి

చెవిటి పిల్లలకు చదువు చెప్పే డిప్లొమా మద్రాసులో చేసి, 1981లో నంద్యాలకు వచ్చాను. ఇక్కడ ఆ చదువు ఎవరికీ అక్కర్లేదు. టైపు కొట్టుకుంటూ బతికాను. డిప్లొమాకు దొరికిన పని ఒక్కటే: ఆళ్లగడ్డ కోర్టులో, భార్య చావు కేసులో పట్టుకొచ్చిన చెవిటి మూగ మద్దిలేటి సైగలను తెలుగులో చెప్పడం.

నిజానికి మాకు సైగలు నేర్పనే లేదు. పిల్లలు సైగ చేస్తే చేతులు కట్టెయ్యమన్నారు, అప్పుడే నోరు తిరుగుతుందట! ఆ మాట కోర్టులో చెప్పడానికి నామోషీ పడ్డాను.

"నీ భార్య ఎట్లా చనిపోయింది?" అని మేజిస్ట్రేటు అడిగితే, నాకు తోచిన సైగలతో అతనికి చూపించాను. మద్దిలేటి మెడ చుట్టూ చెయ్యి తిప్పి, బావిలో పడినట్టు చూపించాడు.

"గొంతు పిసికి బావిలో వేశాడట" అన్నాను. రాసుకున్నారు. సంతకం చేశాను.

బయట అతని తల్లి విజయమ్మ నా రెక్క పట్టుకుంది. "ఏం జెప్పినావు తల్లీ? మెడ సుట్టూ తిప్పితే తాళి. వాడు పెండ్లాన్ని అట్లనే పిలుస్తాడు గదా!"

లోపలికి పరిగెత్తాను. మద్దిలేటిని అప్పటికే తీసుకొస్తున్నారు. నన్ను చూసి మళ్లీ మెడ దాకా చేతులెత్తబోయాడు. కానిస్టేబులు బేడీల తాడు కిందికి లాగాడు.

నాకు నేర్పిన పద్ధతీ అదే.