ఒదీల్ బిగించిన వలయాలు

లె లోక్ల్‌లో పొద్దున తొమ్మిదయితే గడియారాల కార్ఖానాలో అందరూ లేచి రొట్టె, జున్ను తింటారు. ఒదీల్ మాత్రం చేతిలో ఉన్న గడియారం ముగించందే లేవదు. నీళ్లలో మునిగేవాళ్ల గడియారాలకి అంచు వలయం బిగించడం ఆమె పని. బిగించి, నిమిషానికి రెండు చొప్పున నూట ఇరవై టిక్కులూ తిప్పి చెవితో వింటుంది.

ఆ వలయం ఎడమకే తిరుగుతుంది. మునిగేముందు దాని మీది గుర్తుని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెట్టుకుంటారు. ముల్లు ఆ గుర్తుని దాటి ఎంత జరిగితే అన్ని నిమిషాలైనట్టు. రాయి తగిలి వలయం కదిలినా అయిన నిమిషాలు ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. మనిషి ముందే పైకొచ్చేస్తాడు.

ఒదీల్ బిగించినవి రాయి తగలకపోయినా కదులుతాయి. ఆమెకి కంగారు పుడితే చాలు, అవి ఏ ఊళ్లో ఉన్నా సరే. కూతురికి జ్వరమొచ్చిన రోజు జెనీవాలో ఒక పెద్దమనిషి ఆ వలయం చూసి గుడ్లు ఉడికాయనుకుని పచ్చివే తిన్నాడట. ఫిర్యాదు రాశాడు. గాస్పార్ మేస్త్రీ దాన్ని తీసుకెళ్లి పాత ఫిర్యాదుల కట్టలో పెట్టాడు.

బుధవారం కూతురు క్లెలియా వచ్చి బతిమాలింది.

"అమ్మా, రేపు పదింటికి సరస్సులో నా మునక పరీక్ష. నలభై నిమిషాలు అడుగునే ఉండాలి. క్లబ్బువాళ్లకి చేతి గడియారమే లెక్క. పోయినసారి నువ్వు బిగించిన ఈ గడియారం పుణ్యమా అని పదకొండో నిమిషానికే తేలాను. ఈసారీ తప్పితే ఉద్యోగం లేదు. ఒక్క నలభై నిమిషాలు కంగారు పడకుండా ఉండవే!"

"ప్రయత్నిస్తా."

గురువారం పదింటికి పక్క బల్ల మార్లీజ్ మొదలుపెట్టింది. "మా ఆయన నిన్న జున్ను కరగబెడుతూ మీసం కాల్చుకున్నాడే. సగమే ఉంది. ఏ వైపు నుంచి ముద్దు పెట్టుకోవాలో తెలీక చస్తున్నా."

ఒదీల్ నవ్వింది. ఇరవై నాలుగు నిమిషాలు నవ్వుతూనే ఉంది.

అప్పుడు మేస్త్రీ లోపలికొచ్చాడు. "పాపం, ఈ చలిలో ఆ పిల్ల ఎలా ఉందో!"

పళ్లెంలో ఆమె బిగించిన గడియారాలన్నీ టిక్కుటిక్కుమన్నాయి. మార్లీజ్ అలవాటు కొద్దీ లెక్కపెట్టింది.

"ముప్పై రెండు. పదహారు నిమిషాలు మింగేశావు మేస్త్రీ! నీ నోట్లో జున్ను పడ!"

మధ్యాహ్నం ఫోను మోగింది.

"అమ్మా, పాసయ్యాను! కొత్త పరీక్షకుడి గడియారమూ నువ్వు బిగించిందేనట. ఇద్దరికీ ఒకేసారి నలభై అయ్యింది. సంతకం పెట్టేశాడు."

"మంచిది."

క్లెలియా గొంతు తగ్గించింది.

"పైకొచ్చాక చూస్తే గాలి సిలిండరు ఖాళీ అమ్మా. ఎక్కడో కారిపోయింది. కొలత ముల్లేమో సగం దగ్గరే ఇరుక్కుంది. ఇంకో రెండు నిమిషాలుంటే..."

ఒదీల్ పక్కన పళ్లెంలో గడియారాలు మళ్లీ టిక్కుటిక్కుమన్నాయి.

"వచ్చే గురువారం పనిమీద మళ్లీ దిగాలి. ఇంకా లోతుకి."

"వద్దే."

"కొత్త సిలిండరు ఇస్తున్నారులే. వెళ్తానమ్మా."

ఫోను పెట్టేసి ఒదీల్ మేస్త్రీ దగ్గరికి వెళ్లింది.

"వచ్చే గురువారం పదింటి నుంచి నన్నెవరూ నవ్వించకండి. కంగారు పడే పనుంది."